ముప్ఫై ఎనిమిది నీలం చుక్కలు

మూడేళ్ల కిందట లోవ్రో ఒక వసంతాన్ని పోగొట్టాడు. అతని భార్య తిల్కా దాన్ని క్షమించలేదు. క్షమించినట్టు నటించనూ లేదు. నలభై ఏళ్ల కాపురంలో ఆమెలో అతనికి నచ్చిన గుణాల్లో అదొకటి. అయితే అంతకుముందు ఆ గుణం ఇతరుల మీదే పనిచేసేది.

పోయింది నలభై మూడు రోజుల రాత. లోయలో తేనెటీగలు పెంచేవాళ్లందరికీ కలిపి ఒక పట్టీ ఉంది. ఇరవై ఆరేళ్లుగా పుట్టిన ప్రతి రాణి ఈగ నంబరు, దాని తల్లి ఎవరు, అమ్మమ్మ ఎవరు, గుడ్లు ఎలా పెడుతుంది, ఎంత కోపిష్టిది, అన్నీ అందులో ఉంటాయి. ఆ పట్టీ ఉంటేనే లోయ రాణులకు వంశం ఉన్నట్టు. అది లేకపోతే అవి ఎక్కడివో తెలియని ఈగలు, వాటిని మేలుజాతి రాణులని ఎవరికీ ఇవ్వడానికి లేదు. పట్టీ రాసేది తిల్కా. అది ఉన్న కంప్యూటర్ని చూసుకునేది లోవ్రో. ఊరి అగ్నిమాపక దళం హాలు మీద చిన్న గదిలో, లినక్స్ మీద, ఒక డేటాబేస్ సర్వర్‌లో ఉంటుంది ఆ పట్టీ.

ఆ వసంతంలో లోవ్రో పాత సర్వర్ తీసేసి కొత్తది పెట్టాడు. పాతదాన్ని తీసేటప్పుడు మిషను ఒక ప్రశ్న అడిగింది. సర్వర్‌తో పాటు దాని డేటా కూడా తీసేయాలా అని. అవును అన్నదాని మీద వెలుగు ముందే ఉంది. లోవ్రో వేలు వెళ్లి నొక్కేసింది. తర్వాత చూస్తే అతని దగ్గరున్న నకలు నలభై మూడు రోజుల పాతది.

తిల్కా పెట్టెల మూతల మీద పెన్సిలు గీతలు చూసుకుంటూ, ఇంటింటికీ తిరిగి అడుగుతూ, సగం తిరిగి రాసింది. మిగతా సగం రాణులకు తల్లి ఎవరన్నది ఇక ఎవరికీ తెలియదు. ఆ తర్వాత పట్టీ కోసం ఆమె కీబోర్డు ముట్టుకోలేదు. ఆ గది మెట్లు ఎక్కలేదు. అంతా నోటుబుక్కులో పెన్సిలుతో రాస్తుంది. నెలాఖరున ఆ నోటుబుక్కు లోవ్రో చేతికిస్తుంది. అతను గదికి తీసుకెళ్లి మిషన్లోకి ఎక్కిస్తాడు. తిరిగి తెచ్చాక ఆమె అతని ఎదురుగానే పేజీలు లెక్కపెట్టుకుంటుంది.

ఇప్పుడు మళ్లీ సర్వర్ మార్చాల్సి వచ్చింది. పాత వెర్షన్‌కి మరమ్మతులు పంపడం దాన్ని తయారుచేసినవాళ్లు మానేసి ఏడాది అయింది. శనివారం సంఘం సభ. అప్పటికి కొత్తది నడవకపోతే పట్టీని పట్నంలోని ఆఫీసుకి అప్పగిద్దామని అధ్యక్షుడు యెర్నేయ్ చెప్పేశాడు. చెప్పి, తాను లోవ్రోతో కలిసి బడికెళ్లినవాడు కాబట్టి, సోమవారం పొద్దున్నే వచ్చి గదిలో కుర్చీ వేసుకు కూర్చున్నాడు.

"ఏం చేస్తావో చూద్దామని," అన్నాడు.

"చూడు. ముట్టుకోకు."

లోవ్రో ముందుగా, సర్వర్ తయారుచేసినవాళ్ల డిజిటల్ తాళంచెవి తెచ్చి మిషన్లో పెట్టాడు. తర్వాత ప్యాకేజీల జాబితా తాజా చేయమన్నాడు. తర్వాత ఒక్క వరుస కొట్టి ఎంటర్ నొక్కాడు. తెర మీద వరుసలు పరుగెత్తాయి.

"ఇంతేనా?" అన్నాడు యెర్నేయ్. "వెనకటికి రెండ్రోజులు తలుపేసుకుని కూర్చునేవాడివి కదరా. బయటికొచ్చేసరికి గడ్డం పెరిగి ఉండేది."

"అప్పుడు ముడిసరుకు తెచ్చుకుని మనమే కట్టుకోవాలి. ఒక్క ముక్క తక్కువైతే మళ్లీ మొదటికి. ఇప్పుడు వాళ్లే కట్టి, నడిపి చూసి, సీలు వేసి పంపుతున్నారు. తెచ్చి పెట్టుకోవడమే."

"కొట్టులో దొరికే ఆ ష్ట్రుక్లీ పిండిలాగన్నమాట, మీ ఇంట్లో జున్ను చుట్టల దగ్గర గొడవైందే, అది."

అది నిజంగా జరిగింది. చలికాలంలో తిల్కా మణికట్టు బెణికితే, అతను కొట్టు నుంచి పల్చగా ఒత్తి మడిచిన పిండి కొనుక్కొచ్చాడు. ఆమె దాన్ని కోళ్లకు వేసింది. కోళ్లు తిన్నాయి. తిన్నందుకు ఆమె రెండు రోజులు కోళ్లతో కూడా మాట్లాడలేదు.

"సీలు వాళ్లదేనని నీకెలా తెలుసు?"

"అందుకేగా తాళంచెవి ముందు పెట్టింది. దాంతో కలవకపోతే మిషను లోపలికి రానివ్వదు."

"అలాంటిదొకటి మా ఇంటికి కూడా పెట్టు. మా బావమరిది ఆదివారం ఆదివారం వస్తున్నాడు."

మూడు నిమిషాల్లో కొత్త సర్వర్ లేచి నిలబడింది. పాత సర్వర్ 5432 అనే పోర్టు తలుపు దగ్గర కూర్చుని ఉంది. కొత్తది అది చూసి, గొడవ పెట్టుకోకుండా పక్కనున్న 5433వ తలుపు దగ్గర కూర్చుంది. ప్యాకేజీ కట్టినవాళ్లు దానికి ఆ మర్యాద నేర్పి పంపారు. మనుషులకు నేర్పి పంపేవాళ్లు లేరని లోవ్రో అనుకున్నాడు, యెర్నేయ్ బూట్ల మట్టి చూస్తూ.

పాతదాని చట్రాలు, అంటే డేటా దాచే తీరు, కొత్తదానికి సరిపోవు. అందుకని పట్టీ మొత్తాన్ని ఒక ఫైల్లోకి రాయించి, ఆ ఫైలుని కొత్తదాంట్లో పోశాడు. రెండు వైపులా లెక్కపెట్టమన్నాడు. అటు పదకొండు వేల రెండు వందల పద్నాలుగు రాణులు. ఇటు అంతే. గదిలో తాను వాడే ప్రోగ్రాంలో తలుపు నంబరు 5432 కొట్టేసి 5433 వేశాడు.

"అయిపోయింది," అన్నాడు.

"మరి పాతది?"

"శుక్రవారం దాకా ఉంచుతాను. ఈ నాలుగు రోజులూ కొత్తది పడకుండా నిలబడితే తీసేస్తాను."

లోవ్రో ముప్ఫై మూడేళ్లు రైల్వేలో సిగ్నళ్లు వేసినవాడు. మీట లాగితే టక్కున శబ్దం రావాలి. శబ్దం వస్తే పని అయినట్టే. సంఖ్యలు రెండూ కలిసినప్పుడు అతనికి ఆ టక్కు వినిపించింది.

ఇంటికెళ్లి తిల్కాతో అదే మాట అన్నాడు, అయిపోయిందని.

"ఆ వసంతంలో కూడా నువ్వు ఇదే మాట అన్నావు," అంది ఆమె, చారు గిన్నె అతని ముందు పెట్టి. చారు చిక్కగా, వేడిగా ఉంది. మాటకీ చారుకీ ఆమె ఎప్పుడూ సంబంధం పెట్టదు.

ఆ వారం తిల్కాకి ఊపిరాడని పని. మేలో కొత్త రాణులు చిన్న పెట్టెల్లో ఉంటాయి. ఒక్కో పెట్టెలో ఒక రాణి, గుప్పెడు ఈగలు. రాణి ఎగిరి వెళ్లి జోడు కట్టి వచ్చి గుడ్లు పెట్టడం మొదలుపెడితే, దాని వీపు మీద ఆ ఏటి రంగు చుక్క పెడతారు. ఈ ఏడు నీలం. తిల్కా తోటలో పెట్టెలు తెరిచి, చట్రాలు ఎండకు ఎత్తి పట్టుకుని, మైనపు గదుల అడుగున గుడ్ల కోసం కళ్లు చికిలించి చూస్తోంది. సంఘంలో మిగతావాళ్లు కూడా తమ రాణుల చీటీలు తెచ్చి ఆమెకే ఇచ్చి పోతున్నారు.

బుధవారం మధ్యాహ్నం లోవ్రో వంటింట్లోకి వచ్చేసరికి ఆమె తన ల్యాప్‌టాప్ మూత గబుక్కున మూసింది. అది ఏడాదికి రెండుసార్లు తెరిచే వస్తువు.

"ఏం చూస్తున్నావు?"

"వాన ఉందేమోనని."

లోవ్రో కిటికీలోంచి చూశాడు. ఆకాశం అక్కడే ఉంది, ఎవరైనా చూడొచ్చు. అతను ఇంకేమీ అడగలేదు. అడిగి బదులు సంపాదించిన రోజులు వాళ్ల కాపురంలో తక్కువ.

శుక్రవారం పదకొండు గంటలకి లోవ్రో గదిలో కూర్చున్నాడు. కొత్త సర్వర్ నాలుగు రోజులుగా ఒక్కసారీ పడలేదు. పాతదాన్ని ఆనవాలు లేకుండా తీసేయమని వరుస కొట్టాడు. పాత సర్వర్ ఆగింది. ప్యాకేజీ ఊడింది. అప్పుడే మెట్ల మీద అడుగులు వినిపించాయి. యెర్నేయ్ అడుగులు కావవి. ఒక్కో మెట్టు మీదా ఆగి, మెట్టుని తప్పుబడుతున్నట్టు ఉన్నాయి.

తిల్కా తలుపు దగ్గర నిలబడింది. చేతిలో గుడ్డ కట్టిన గిన్నె. మూడేళ్ల తర్వాత ఆ గది చూడటం అదే.

"దుమ్ము," అంది.

"మిషన్లున్న గదికి దుమ్ము ఉంటుంది."

"మనుషులున్న గదికి చీపురు ఉంటుంది. తిను. ష్ట్రుక్లీ, జున్ను పెట్టి చేశాను."

"ఒక్క నిమిషం. పాతదాన్ని తీసేస్తున్నాను."

ఆమె గిన్నె బల్ల మీద పెట్టి అతని వెనక నిలబడింది. తెర నీలంగా మారింది. మధ్యలో బూడిదరంగు పలక. సర్వర్‌తో పాటు దాని డేటా కూడా తీసేయాలా? అవును, కాదు. అవును మీద వెలుగు.

ఆ ప్రశ్న ఆమె ఎదురుగా రాకుండా ఉంటే బాగుండేది.

"అదేనా?" అంది తిల్కా.

"అదే."

"ఏం నొక్కుతావు?"

"ఈసారి అవును నొక్కితే తప్పు లేదు. కొత్తదాంట్లో అన్నీ ఉన్నాయి. లెక్కపెట్టాను. పదకొండు వేల రెండు వందల పద్నాలుగు."

"గుడ్లు చూశావా?"

"ఏంటి?"

"కొత్త రాణి గుడ్లు పెట్టిందా లేదా చూడకుండా పాత రాణిని ఎవడైనా నలుపుతాడా? ఈగలు ఎన్నున్నాయో నేను అడగలేదు. ఈగలు పాతవి. పాత రాణి పెట్టిన పిల్లలు. నువ్వు అటు నుంచి ఇటు పోశావు, అవి ఇటు ఉన్నాయి. కొత్తది వచ్చాక కొత్తగా ఏం పుట్టింది?"

"ఏం పుడుతుంది? ఈ నెల నోటుబుక్కు నువ్వింకా ఇవ్వందే."

తిల్కా గిన్నె మీద గుడ్డ ముడి విప్పింది. మళ్లీ కట్టింది.

"నీలం చుక్క ఒక్కటి చూపించు," అంది చివరికి.

"ఉండదంటున్నాను కదే."

"ఉండాలి."

"ఎక్కడి నుంచి వస్తుంది?"

"ముప్ఫై ఎనిమిది ఉండాలి. మంగళవారం పన్నెండు. బుధవారం పదిహేను. నిన్న పదకొండు."

లోవ్రో కుర్చీలో వెనక్కి తిరిగి ఆమె ముఖం చూశాడు. ఆమె గోడ మీద క్యాలెండరు చూస్తోంది. అది రెండేళ్ల కిందటిది.

"నువ్వు ఎక్కించావా? ల్యాప్‌టాప్ నుంచి?"

"నువ్వే కదా అందులో పెట్టావు ఆ ప్రోగ్రాం, ఏనాడో. తీసేశాననుకున్నావా? నేను నీలాగా తీసేసే మనిషిని కాదు."

"వాన ఉందేమోనని అన్నావు."

"వాన కూడా చూశాను."

"ఎందుకు ఇప్పుడు? నెలాఖరుకి నేనే చేసేవాణ్ణి కదా."

"రేపు సభలో నోరెత్తేవాళ్లు ఎత్తుతారు, లోవ్రో చేతిలో పట్టీ వెనకబడిందని. నిన్నటి దాకా అంతా ఎక్కి ఉంటే వాళ్ల నోరు పడిపోతుంది. నిన్ను అనాలనుకుంటే నేనున్నాను. వాళ్లెందుకు అనడం?"

లోవ్రో తెర మీద రెండో కిటికీ తెరిచి కొత్త సర్వర్‌ని అడిగాడు. ఈ ఏటి రాణులు ఎన్ని? సున్నా. చివరి రాత ఎప్పటిది? పోయిన నెలాఖరుది, తన చేతిదే. ఇంకోసారి అడిగాడు. మళ్లీ సున్నా.

అతనికి అర్థమైంది. గదిలో ప్రోగ్రాంకి తలుపు నంబరు మార్చాడు. ఆమె ల్యాప్‌టాప్‌కి మార్చలేదు. అది ఉందనే అనుకోలేదు. ఆమె మూడు రోజులుగా పాత తలుపే తట్టింది. పాత సర్వర్ తెరిచింది, తీసుకుంది, దాచింది. ఆ ముప్ఫై ఎనిమిదీ ఉన్నది ఒక్క చోటే, ఇప్పుడు బూడిదరంగు పలక తీసేయనా అని అడుగుతున్న చోట.

బాణం మీట ఒకసారి నొక్కాడు. వెలుగు కాదు మీదికి జరిగింది. వేలు తీసేసి, నిజంగా అక్కడే ఉందా అని చూశాడు. అప్పుడు ఎంటర్ నొక్కాడు.

"పోయాయా?" అంది తిల్కా. గొంతు మామూలుగానే ఉంది. చెయ్యి కుర్చీ వీపుని పట్టుకుని ఉంది.

"సర్వర్ పోయింది. డేటా ఉంది."

"సర్వర్ లేకుండా ఎలా చదువుతావు?"

"మళ్లీ తెస్తాను."

ఇప్పుడే తీసేసిన పాత వెర్షన్ ప్యాకేజీనే మళ్లీ కావాలన్నాడు. అది వచ్చింది. సీలు సరిచూసుకుంది. విప్పుకుంది. తన పాత సామాను ఉన్న చోటు వెతుక్కుని, ఏమీ జరగనట్టు 5432వ తలుపు దగ్గర మళ్లీ కూర్చుంది. రెండు నిమిషాలు పట్టింది. సొంతంగా కట్టుకునే రోజులైతే రెండు రోజులు. ఆ రెండు రోజులూ తిల్కా ఆ కుర్చీ వీపు పట్టుకునే ఉండేది.

లెక్కపెట్టమన్నాడు. పదకొండు వేల రెండు వందల యాభై రెండు.

"కలిసింది," అన్నాడు.

"కలుస్తుంది. నేను తప్పు లెక్కపెట్టను."

ఆ ముప్ఫై ఎనిమిదింటినీ తెర మీదికి తెచ్చాడు. నంబరు, తల్లి, అమ్మమ్మ, రంగు, ఆ చివర గుణం. గుణం గడిలో ఇన్నేళ్లుగా అతను నోటుబుక్కు చూసి ఎక్కించినవన్నీ రెండేసి మాటలు. నెమ్మది. కోపిష్టి. పర్వాలేదు. ఆమె తన చేత్తో కొట్టినప్పుడు మాటలు ఎక్కువ పడ్డాయి. ఏడో రాణి దగ్గర ఇలా ఉంది: పొగ అక్కర్లేదు, పలకరిస్తే చాలు. పదకొండో రాణి దగ్గర: యెర్నేయ్ పెట్టె, మోత ఎక్కువ, తేనె చూడాలి. ఇరవయ్యో రాణి దగ్గర: ఊరికే కుట్టదు, కుడితే కారణం ఉంటుంది.

లోవ్రో పెదవులు కదుపుతూ చదువుతున్నాడు. అమ్మమ్మ గడి దగ్గర ఆగాడు. ఆరు రాణులకు ఆ గడిలో నంబరు లేదు. తల్లి ఎవరో తెలియకుండా పోయిన ఆ సగం రాణుల కూతుళ్లు అవి. నోటుబుక్కులో ఆమె అక్కడ అడ్డగీత పెట్టేది. ఇక్కడ రెండు మాటలు రాసింది.

లోవ్రో వసంతం.

"దీన్ని అందరూ చదువుతారు," అన్నాడు.

"చదవనీ."

"మార్చనా? తెలియదు అని వేస్తే సరిపోతుంది."

"ముట్టుకోకు. ఎందుకు తెలియదు? నాకు తెలుసు."

అతను ముట్టుకోలేదు. ముప్ఫై ఎనిమిదింటినీ ఉన్నవి ఉన్నట్టు కొత్తదాంట్లోకి పోశాడు. తర్వాత ఇద్దరూ ఇంటికి నడిచారు. గిన్నె తిల్కా చేతిలో, ముడి కట్టింది కట్టినట్టే ఉంది. వంటింటి బల్ల మీద ఆమె ల్యాప్‌టాప్ తెరిచి అతను తలుపు నంబరు మార్చాడు. ఆమె తోటలోకి వెళ్లింది. గంట తర్వాత చేతులకు మైనం వాసనతో తిరిగొచ్చి, బల్ల ముందు కూర్చుని, అతని ఎదురుగా, రెండు వేళ్లతో ఒక రాణిని ఎక్కించింది. నీలం చుక్క. ముప్ఫై తొమ్మిదోది.

"ఇప్పుడు పైకెళ్లి చూసి రా," అంది.

అతను వెళ్లాడు. మెట్లెక్కి కొత్త సర్వర్‌ని అడిగాడు. ఉంది. గుణం గడిలో, గుడ్లు చూశాను, అని ఉంది. కిందికి దిగి ఇంటికొచ్చాడు.

"ఉంది."

"అది గుడ్డు," అంది తిల్కా. "అలాంటివి వంద పడ్డాక పాతదాన్ని ఏం చేసుకుంటావో చేసుకో. అప్పటి దాకా ఉండనీ. కూర్చో. చల్లారిపోయాయి, నీ వల్లే."

శనివారం సభకి ఇరవై ఇద్దరు వచ్చారు. యెర్నేయ్ పట్టీని గోడ మీద వేసి చూపించమన్నాడు. లోవ్రో తిప్పుతూ పోయాడు. నిన్నటి దాకా ఎక్కి ఉంది. పదకొండో రాణి దగ్గర యెర్నేయ్ దగ్గాడు, కానీ తిప్పమనలేదు. వెనక వరుసలో పట్నం ఆఫీసుకి ఇచ్చేద్దామని వారం రోజులుగా తిరిగి చెప్పినవాడొకడు లేచాడు.

"ఆ అమ్మమ్మ గడిలో ఏంటది? లోవ్రో వసంతం? కొత్త జాతా?"

అందరూ తిల్కా వైపు చూశారు. ఆమె లేవలేదు.

"జాతే," అంది. "చెప్పింది వినదు. తప్పు చేస్తుంది. అయినా మూడేళ్లుగా చూస్తున్నాను, పిల్లలు ఆరోగ్యంగా ఉన్నాయి. ఉంచుకున్నాం."

అడిగినవాడు కూర్చున్నాడు. పట్టీ ఊళ్లోనే ఉండాలా అని యెర్నేయ్ అడిగాడు. ఇరవై ఒక్క చేతులు లేచాయి. అందులో వెనక వరుసవాడిది కూడా ఉంది. లేవనిది లోవ్రో చెయ్యి ఒక్కటే. అతని చేతులు రెండూ గిన్నెతో ఉన్నాయి. నిన్న మిగిలినవి వేడి చేసి తెచ్చి, అందరూ చూస్తుండగా, పట్టుకో అని తిల్కా అతని ఒళ్లో పెట్టింది.